నిప్పు లేని బండి

మూతపడ్డ కరెంటు ఫ్యాక్టరీ సాయంత్రం పూట దానంతటదే తిరుగుతోందని పక్కింటి పిన్ని మా అమ్మకి చెప్పిందట. పిన్నికి ఎవరు చెప్పారంటే, ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడ. ఆవిడకి గేటు కాపలా తాత చెప్పాడట. "పొయ్యిలో పిడికెడు బొగ్గు లేదు, గొట్టంలో చారెడు పొగ లేదు. లోపల చక్రం మాత్రం గిర్రున తిరుగుతోందట అక్కా! పైగా కంట్రోలు రూములో కుర్చీ ఖాళీగా ఉండటం లేదట" అని పిన్ని గొంతు తగ్గించి, తగ్గించినా వీధి చివరిదాకా వినపడేలా చెప్పిందట.

పిన్ని మాటని జల్లెడ పట్టందే మా ఇంట్లో గడప దాటనివ్వం. అమ్మ భోజనాల దగ్గర ఈ సంగతి నవ్వుతూనే ఎత్తింది. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలో వదిలేసి, "కుర్చీలో ఎవరున్నారట?" అని అడిగాడు.

నాకు అది వింతగా తోచింది. నాన్న మీసం మొలిచిన దగ్గర్నుంచి జుట్టు నెరిసేదాకా ఆ ఫ్యాక్టరీలోనే బండి నడిపిన మనిషి. బండి అంటే ఆవిరితో తిరిగే పెద్ద చక్రమూ, దానికి తగిలించి కరెంటు పుట్టించే జనరేటరూ. అక్కడి పనివాళ్ళకి ఆ రెండూ కలిపి ఒక్కటే బండి. అలాంటి మనిషి, నిప్పు లేకుండా చక్రం ఎలా తిరుగుతోందని అడగాలి. ఆ ప్రశ్న వదిలేసి కుర్చీ సంగతి అడిగాడు.

"పిన్ని మాటలు పట్టించుకుంటారేంటండీ? రేపు పొగగొట్టం పెళ్ళి చేసుకుందని కూడా చెబుతుంది" అంది అమ్మ.

నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

*

మాది సముద్రం మధ్యన చిన్న దేశం, తవ్వుకుందామంటే బొగ్గు లేదు, తోడుకుందామంటే నూనె లేదు. దీపం వెలగాలంటే సముద్రం అవతల ఎవరో గొయ్యి తవ్వాలి, ఎవరో ఓడకెత్తాలి, ఆ ఓడ మా రేవుకి రావాలి. మా చిన్నప్పుడు రేవులోకి ఓడ వచ్చిందా లేదా అన్నది ఎండావానా సంగతిలాంటిది, పొద్దున లేవగానే అందరూ అడిగేవారు. ఎక్కడో, మేము పేరు కూడా పలకలేని చోట ఎవరో ఇద్దరు కొట్టుకుంటే, ఇక్కడ మా వీధిదీపాలు ఆరిపోయేవి. రేవు నుంచి ఫ్యాక్టరీ దాకా బొగ్గు లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు నల్లబడింది. ఆ రోడ్డు మీద నడిచి ఇంటికొస్తే అమ్మ మమ్మల్ని వాకిట్లోనే ఆపి కాళ్ళు కడిగేది.

తర్వాత కాలం తిరగబడింది. బొగ్గు ధర ఆకాశానికెక్కింది. ఎండని పట్టే పలకలు ఇళ్ళ కప్పుల మీదకొచ్చాయి, గాలిమరలు సముద్రం ఒడ్డున బారులు తీరాయి. ఫ్యాక్టరీ మూతపడింది. నాన్న ఇంట్లో కూర్చున్నాడు. నేను కప్పుల మీద పలకలు బిగించే పనిలో చేరాను. మా అక్క పెద్ద చదువు చదివి, దేశమంతా కరెంటు ఎటు పోవాలో చూసే ఆఫీసులో ఇంజనీరైంది. "ఒకరు బొగ్గు, ఒకతె తీగ, ఒకడు ఎండ. ఇంత మంది ఉండీ నా పొయ్యి నేనే వెలిగించుకోవాలి" అని అమ్మ ఎప్పుడూ దెప్పేది.

పిన్ని కబురులో సగం నిజమే. చక్రం తిరగడం నిజం. దాన్ని తిప్పుతున్నది మా అక్కే.

మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఆ రాత్రి ఫోను చేస్తే అక్క విడమరిచి చెప్పింది. "ఒరేయ్, సరుకు నిండా ఎత్తిన లారీ గుంటలో పడినా పెద్దగా కుదపదు. ఖాళీ లారీ అయితే గులకరాయి తగిలినా ఎగిరిపడుతుంది. ఎండ కరెంటూ గాలి కరెంటూ ఖాళీ లారీల్లాంటివి. ఒక మబ్బు అడ్డమొస్తే తూలుతాయి. వాటికి బరువు కావాలి. పాత జనరేటర్‌లో తిరిగే చక్రం బరువు ఊరికే పోతోంది కదా! ఆవిరి చక్రం నుంచి దాన్ని విడదీసి, చిన్న మోటారుతో ఊపు ఇచ్చి కరెంటు లైనుకి కలిపేశాం. ఇక లైనే దాన్ని తిప్పుకుంటుంది. అదేమో లైనుని నిలబెడుతుంది. నిప్పుతో పని లేదు."

"రిటైరయ్యాక కూడా చాకిరీ అన్నమాట" అంది అమ్మ.

అంతవరకు బాగానే ఉంది. కుర్చీ సంగతే అక్క మాకు చెప్పలేదు. పిన్ని కబురు మోసిన రెండు రోజులకి తనే ఊడిపడింది. కళ్ళ కింద నలుపు. సంచి కూడా దించకుండా నాన్న పక్కన కూర్చుంది.

"నాన్నా, కంట్రోలు రూములో మీ బల్ల మీద కొత్త మీట ఒకటి పెట్టాం. దానికి రెండే తిప్పులు. 'ఇక్కడ' అని ఒకటి, 'అక్కడ' అని ఒకటి. 'అక్కడ' వైపు తిప్పితే బండి నగరంలో మా ఆఫీసు చేతికి వెళ్ళిపోతుంది. ఇక్కడ మనిషి ఉండక్కర్లేదు, గది తాళం వేసుకోవచ్చు. నేను రోజూ 'అక్కడ' వైపు తిప్పి వస్తున్నాను. రోజూ పొద్దు వాలే వేళకి అది 'ఇక్కడ'కి వచ్చేస్తోంది."

"వైర్లు చూశారా?" అన్నాను.

"వైర్లు మార్చాం. మీట మార్చాం. మీట తిప్పే తాళం చెవి నా మెడలో వేసుకుని తిరిగాను. గదికి బయట తాళం వేసి నేనే కాపలా కూర్చున్నాను. అయినా తిరిగింది." అక్క చేతులు నలుపుకుంది. "ఈ వారం చివరికి బండి నగరం చేతిలో నిలబడకపోతే, పాత యంత్రం మీద నమ్మకం లేదని రాసేస్తారు. దాని బదులు గ్యాసు ఓడలు తెప్పించడానికి సంతకం పెడతారు. ఒకసారి పెట్టారంటే మనం ముసలాళ్ళయ్యేదాకా మళ్ళీ రేవు వైపు చూస్తూ కూర్చోవడమే. ఎండ ఉండీ, గాలి ఉండీ."

నాన్న నేల చూస్తున్నాడు.

"ఇంకోటి" అంది అక్క. "బల్ల మూల మీద రోజూ బొగ్గు మసితో అరచెయ్యి అచ్చు పడుతోంది. నేను తుడుస్తున్నాను, మర్నాటికి మళ్ళీ ఉంటోంది. ఆ ఆవరణలో బొగ్గు ఎక్కడుంది నాన్నా? యార్డు కడిగి గడ్డి కూడా వేశారు."

అప్పుడు నాన్న తలెత్తాడు. "ఏ మూల? కిటికీ వైపు మూలా?"

అక్క తలూపింది. అంటే అదే మూల.

*

కిటికీ వైపు మూల సంగతి మాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఆ ఫ్యాక్టరీలో ఒక అలవాటుండేది. మేము పుట్టకముందు ఎప్పుడో షిఫ్టు మారే వేళ, దిగేవాడు ఎక్కేవాడు చూస్తున్నాడనుకున్నాడట, ఎక్కేవాడు దిగేవాడు చూస్తున్నాడనుకున్నాడట. ఇద్దరి మధ్యా బాయిలరులో నీళ్ళు అయిపోయి పైపులు పేలాయి. మనుషులు పోయారు. అప్పట్నుంచి పనివాళ్ళే ఒక కట్టు పెట్టుకున్నారు. దిగేవాడు బల్ల మూల మీద చెయ్యి పెట్టి "బండి నీది" అనాలి. ఎక్కేవాడు అదే చోట చెయ్యి పెట్టి "నాది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా దిగేవాడు కుర్చీలోంచి లేవకూడదు. ఇల్లు తగలబడుతోందని కబురొచ్చినా సరే. అన్నేళ్ళ అరచేతులకి ఆ మూల రంగు రాలిపోయి, ఇనుము అద్దంలా మెరిసేది.

తర్వాతి షిఫ్టుకొచ్చి నాన్నని దింపేవాడు తాబేలు మామయ్య. అసలు పేరు ఏదో ఉండేది, ఆయనకే గుర్తుండేది కాదు. డ్యూటీకి ఒక్కనాడూ వేళకి రాలేదు గనక తాబేలు. నాన్నని బావా అని పిలిచేవాడు గనక మాకు మామయ్య. పాత సైకిలు మీద నడిచేవాడి కంటే నెమ్మదిగా వచ్చేవాడు. గేటు దగ్గర మైకు పట్టుకుని కంట్రోలు రూముకి కబురు పెట్టేవాడు. మాట్లాడే ముందు మైకులోకి రెండు సార్లు ఊదేవాడు, ఫూ, ఫూ అని. "బావా, దారిలో ఉన్నా" అనేవాడు. గేటు దగ్గర నిలబడి దారిలో ఉన్నానేంట్రా అని నాన్న తిట్టేవాడు. ఫ్యాక్టరీ అంతా నవ్వేది.

అక్కకి బడిలో బహుమతి ఇచ్చే రోజున మామయ్యకి ఒళ్ళు కాలిపోతోందట. ఇవాళ రాలేను బావా, ఇంకెవర్నైనా చూసుకో అని కబురంపాడు. నాన్న ఊరుకోలేదు. నా కూతురు బహుమతి తీసుకుంటుంటే చూడొద్దా, పాకుతూ అయినా రా అన్నాడు. మామయ్య బయల్దేరాడు. రేవు రోడ్డు మలుపులో బొగ్గు లారీ కింద పడ్డాడు. నాన్న కుర్చీలోంచి లేవలేదు, దింపేవాడు రాలేదు కాబట్టి. పోయాడని కబురొచ్చాక కూడా లేవలేదు. మర్నాడు పొద్దున వేరేవాడొచ్చి "నాది" అన్నాకే లేచాడు.

ఇదంతా మాకు తెలిసిన కథ. తెలియని ముక్క నాన్న ఆ రోజు చెప్పాడు.

"ఫ్యాక్టరీ ఆపిన రోజు ఆఖరి డ్యూటీ నాది. మంట ఆర్పేశాం. చక్రం నెమ్మదించి, నెమ్మదించి నిలబడింది. అందరూ బయట ఫొటో దిగడానికి వెళ్ళారు. నేను ఒక్కణ్ణే. లేవబోయాను, కాళ్ళు రాలేదు. అలవాటు కదా! మూల మీద చెయ్యి పెట్టి, గదిలో ఎవరూ లేకపోయినా, బండి నీది అనేశాను."

"అంటే ఏమైంది? ఖాళీ గదితో అన్నారు, అంతేగా" అంది అమ్మ.

"గుమ్మం దాకా వెళ్ళాను. వెనకాల గోడ మీది మైకు పెట్టె ఊదింది. ఫూ, ఫూ. నాది, అన్నాడు."

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"వెనక్కి తిరిగి చూడలేదు. ఫొటోలో నా మొహం చూడండి, తెలుస్తుంది. ఆగిపోయిన బండే కదా, వాడైనా ఎంతసేపు కూర్చుంటాడు, విసుగెత్తి లేచిపోతాడులే అనుకున్నాను. మీరు దాన్ని మళ్ళీ తిప్పారు తల్లీ. ఇప్పుడు వాడెలా లేస్తాడు? తిరుగుతున్న బండిని తాబేలుగాడు ఎప్పుడూ వదల్లేదు. ఎన్ని వంకలున్నా ఆ ఒక్క వంక లేదు వాడికి."

అక్క చదువుకున్న మనిషి. ఇలాంటివి నవ్వేసే మనిషి. నవ్వలేదు. "మీరొస్తే మాట వింటాడా?" అంది.

"వింటాడు. దింపాలి వాణ్ణి. ఎవరో ఒకరు దింపాలి" అన్నాడు నాన్న. ఆ మాట అంటుంటే ఆయన మొహంలో చాలాకాలానికి ఒక వెలుగు వచ్చింది. ఫ్యాక్టరీ మూసినప్పట్నుంచి ఆయన మొహంలో అలాంటిది లేదు. అది చూసి నాకు భయం వేసింది. అమ్మ కూడా చూసింది.

మర్నాడు మధ్యాహ్నం మేము బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చి నా జబ్బ పట్టుకుంది. "ముగ్గురు వెళ్తున్నారు. నాలుగు కంచాలు పెట్టి ఉంచుతా, నాదీ కలిపి. ముగ్గురూ రండి" అంది. తర్వాత ఇంకా మెల్లిగా, "మీ నాన్న నోటి మీద ఒక కన్నేసి ఉంచు" అంది.

*

గేటు తాత తాళం తీశాడు గానీ లోపలికి రాలేదు. "నాకు మోకాళ్ళ నొప్పులు బాబూ. పగలు తక్కువే, ఈ వేళకే ఎక్కువ" అన్నాడు.

బొగ్గు యార్డు ఉన్న చోట గడ్డి మొలిచింది. అంత పచ్చటి గడ్డిని నేను ఆ ఊళ్ళో చూడలేదు. బొగ్గు మోసే రబ్బరు పట్టాలు ఎండిన పాము కుబుసంలా పైనుంచి వేలాడుతున్నాయి. బాయిలరు తలుపు తెరిచే ఉంది, లోపల పిచ్చుకలు గూడు పెట్టుకున్నాయి. వాటి అరుపుల వెనక ఒక రొద. సన్నగా, ఎడతెగకుండా, తేనెపట్టు దగ్గర నిలబడినట్టు. అరికాళ్ళలోంచి పైకి పాకుతుంది. నాన్న ఆగి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"తేలిగ్గా ఉంది. ఆవిరి గొంతు లేదు దీనికి" అన్నాడు.

కంట్రోలు రూము అలాగే ఉంది. గోడ పొడవునా పాచి రంగు పలకలు, వాటి మీద వరసగా ముళ్ళ గడియారాల్లాంటివి. అన్నీ సున్నా దగ్గర పడుకున్నాయి. ఒక్క ముల్లు మాత్రం లేచి, సన్నగా వణుకుతోంది. బల్ల మీద కొత్త తెర, దాని పక్కన కొత్త మీట. కుర్చీ చెయ్యికి నాన్న ఎప్పుడో చుట్టిన పట్టీ ఇంకా ఉంది. గోడ మీద మైకు పెట్టె. దానికి వచ్చే వైరు కోసేసి చాలా కాలమైంది. కోసిన కొసలు గోడమీంచి వేలాడుతున్నాయి, నేను దగ్గరికెళ్ళి చూశాను.

బల్ల మూల మీద అరచెయ్యి అచ్చు. తడి మసి. నేను వేలు పెట్టి చూస్తే అంటుకుంది.

అక్క మూల తుడిచింది. తాళం చెవి పెట్టి మీటని 'అక్కడ' వైపు తిప్పింది. నగరంలో తన ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి ఫోను చేసి, మా అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

"వచ్చిందక్కా, బండి నా తెర మీద ఉంది" అంది ఆ అమ్మాయి హుషారుగా. "ఇవాళైనా ఉంటుందా?"

"లైన్లో ఉండు" అంది అక్క.

మేము నిలబడే ఉన్నాం. ఆ కుర్చీలో కూర్చోవాలని ఎవరికీ అనిపించలేదు. కిటికీలోంచి గాలిమరలు కనిపిస్తున్నాయి. వాటి వెనకాల సూర్యుడు కిందికి జారుతున్నాడు. ఊళ్ళో ఇళ్ళ కప్పుల మీద నేను బిగించిన పలకలన్నీ ఒక్కసారి ఎర్రగా మెరిసి, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అదే అక్కకి గుండె దడ పుట్టించే వేళ. ఎండ కరెంటు పడిపోతుంది, ఇళ్ళల్లో దీపాలు వెలుగుతాయి, బరువంతా ఈ ఒక్క చక్రం మీద పడుతుంది.

కార్మికుల కాలనీ వైపు నుంచి కుక్కలు అరవడం మొదలెట్టాయి. షిఫ్టు మారే సైరను ఈ వేళకే మోగేది. సైరను తీసేసినా కుక్కలు మానలేదని అందరికీ తెలుసు.

కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషి వెనక్కి వాలినట్టు.

మీట కదిలింది. మెల్లిగా, తొందర లేని మనిషి తిప్పినట్టు, మధ్యలో కాస్త ఆగి, 'ఇక్కడ' దగ్గర నిలబడింది. అక్క మెడలో తాళం చెవి మెడలోనే ఉంది.

"అక్కా, పోయింది" అంది ఫోనులో అమ్మాయి.

గోడ మీద పెట్టె ఊదింది. ఫూ, ఫూ.

"బావా, నువ్వేనా?"

ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకున్న గొంతు.

"నేనేరా" అన్నాడు నాన్న.

"ఆలస్యం చేశావు. ఇన్నాళ్ళూ నన్ను అన్నావు కదా!"

నాన్న నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "గేటు దగ్గర నిలబడి దారిలో ఉన్నాననే బాపతు నువ్వు. నువ్వు నాకు చెప్పేవాడివా?"

"దారిలోనే ఉండిపోయాను బావా. చాలాసేపు ఉన్నాను. నువ్వు బండి నీది అంటే వినబడింది, వచ్చి కూర్చున్నాను. ఇదేం బండి బావా? మంట లేదు, ఆవిరి లేదు, నీళ్ళు అడగదు. ఎందుకు తిరుగుతోందో తెలియదు. నువ్వు ఇచ్చావు కాబట్టి పట్టుకున్నాను."

అక్క గొంతు సవరించుకుంది. "మామయ్యా."

"ఎవరు? చిన్నదా? బహుమతి వచ్చిందా?"

అక్క గోడకి ఆనుకుంది. "వచ్చింది మామయ్యా."

"ఏమిచ్చారు?"

"పెన్నుల పెట్టె."

"మంచిది. బాగా చదువుకో."

చదువుకుందని, చదువే ఆమెని ఈ గదిలోకి తెచ్చిందని ఆయనకి ఎవరు చెబుతారు? అక్క కళ్ళు తుడుచుకుని ఇంజనీరు గొంతు తెచ్చుకుంది. "మామయ్యా, ఆ మీట వదిలేయండి. బండి నగరం వాళ్ళు చూసుకుంటారు. మీరు పట్టుకుంటే వాళ్ళకి అందడం లేదు. అందకపోతే మళ్ళీ ఓడలొస్తాయి. మళ్ళీ రేవు రోడ్డు మీద లారీలొస్తాయి."

లారీలు అనగానే వణుకుతున్న ముల్లు ఒక్కసారి ఊగి మళ్ళీ కుదుటపడింది. ఫోనులో అమ్మాయి అబ్బా అంది.

"వదలమంటే వదుల్తాను. నాకేం సరదానా? నడుం పట్టేసింది. పద్ధతి ప్రకారం అడగండి. ఎక్కేవాడెవడు?"

అక్క తెలివైనది. ఫోను తీసుకెళ్ళి బల్ల మూల మీద పెట్టింది. "అమ్మాయ్, నేను చెప్పినట్టు అను. ఎందుకని అడక్కు. నాది, అను."

"ఏంటక్కా?"

"నాది, అను. గట్టిగా."

"నాది" అంది ఆ అమ్మాయి, నవ్వాలో వద్దో తెలియని గొంతుతో.

కుర్చీ కిర్రుమంది. లేస్తున్నాడనుకున్నాను.

"గొంతు వినబడింది. చెయ్యి ఏదమ్మా?" అంది పెట్టె.

"చెయ్యా? నా చెయ్యి... ఇక్కడే ఉందండీ, నా దగ్గరే."

"అక్కడుంటే ఏం లాభం? ఇక్కడ పెట్టు."

"అక్కా, ఎవరది మాట్లాడేది? నా వెనక ఎవరో..." అంటూనే అమ్మాయి గొంతు సన్నబడింది. అక్క చటుక్కున ఫోను కట్టేసింది. మూల మీద, ఫోను ఉన్న చోట, మసి మళ్ళీ ఊరుతోంది. అరచెయ్యి ముందు, తర్వాత ఒక్కో వేలూ.

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన కుడిచెయ్యి అప్పటికే విచ్చుకుని ఉంది. అన్నేళ్ళు ఆ మూల మీద పెట్టిన చెయ్యి, దానికి దారి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నిన్ను ఆ రోజు నేనే రమ్మన్నాను. నేనే దింపుతాన్రా" అన్నాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ముసలి మనిషికి అంత బలం ఎక్కడిదో, నన్ను కూడా లాక్కుపోయాడు. అక్క మరో వైపు నుంచి వచ్చి ఆయన నోటి మీద చెయ్యి వేసింది. పుట్టి బుద్ధెరిగి మేము నాన్న మీద చెయ్యి వేసింది లేదు. ఆయన మా ఇద్దరి మధ్యా పెనుగులాడి, పెనుగులాడి ఆగాడు. అక్క అరచేతి కింద ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"ఆ మాట అనొద్దు నాన్నా, అంటే మిమ్మల్ని దింపేవాళ్ళు లేక ఆ కుర్చీలోనే ఉండిపోతారు. అమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టింది" అన్నాను.

బయట చీకటి పడుతోంది. ఊళ్ళో దీపాలు వెలిగాయి. ఒక వీధి, తర్వాత ఇంకో వీధి, కొండ మీది ఇళ్ళు, రేవు. ఒక్క దీపమూ రెప్పలాడలేదు. చక్రం రొద కాస్త బరువెక్కింది, అంతే. మూత పడక ముందు నాన్న నడిపినప్పుడు కూడా అంత నిలకడగా వెలిగాయో లేదో నాకు తెలియదు.

అక్క నాన్న నోటి మీది చెయ్యి తియ్యకుండానే పెట్టె వైపు తిరిగింది. గొంతులో ఉన్న బతిమాలుడంతా పక్కకి పెట్టింది.

"మామయ్యా, ఇక వినండి. మీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు బండ్లన్నీ ఇలాగే తిరుగుతాయి. వీటి దగ్గర మనిషి అక్కర్లేదు. ఎవరూ దింపక్కర్లేదు, మీరే లేచి వెళ్ళిపోండి."

కుర్చీ కిర్రుమనలేదు. కుక్కలు ఎప్పుడో అరవడం మానేశాయి. చాలాసేపటికి పెట్టె ఊదింది, ఫూ, ఫూ. ఆ గొంతులో కోపం లేదు. డ్యూటీ వేళకి మించి కూర్చున్న మనిషి అలసట మాత్రం ఉంది.

"మనిషి అక్కర్లేని బండి దగ్గరికి ముగ్గురెందుకొచ్చారు? మీలో నన్ను దింపేదెవరో అది చెప్పండి."